నాన్న పద్మినికి ఇంజన్ మార్చాలా, ఉన్నదే కట్టించాలా?

పద్మిని_నల్గొండ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. మా నాన్న కొన్న 1987 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు రేకుల షెడ్డులో చాలా ఏళ్లుగా నిలబడిపోయింది. ఈ మధ్య తుడిచి, బ్యాటరీ వేసి, పెట్రోల్ మార్చి చూస్తే స్టార్ట్ అయింది. కానీ పికప్ లేదు, ఎక్సలేటర్ తొక్కితే నీలం పొగ. రోజూ తిప్పడానికి కాదు. ఆదివారాలు సాగర్ దాకా, అప్పుడప్పుడు చెర్వుగట్టు దాకా పోయి రావడానికి కావాలి.

ఇద్దరు మెకానిక్‌లకు చూపిస్తే రెండు మాటలు వచ్చాయి. పెద్దాయన ఇంజన్ దించి బోరింగ్ చేయించి (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దగా తొలిపించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి ఉన్న ఇంజనే కట్టిద్దామన్నాడు. కుర్రాడు మాత్రం "సామాను కోసం తిరగలేం సార్, మారుతి ఇంజన్ ఎక్కిద్దాం, ఏసీ కూడా పెట్టొచ్చు" అన్నాడు. మా ఆవిడ ఏసీ మాట విన్నప్పటి నుంచి కుర్రాడి పార్టీలో చేరిపోయింది. మీరేమంటారు?

జిప్సీ_దేవరకొండ

మార్చెయ్ తమ్మీ, ఆలోచించకు. నల్గొండ ఎండలో మే నెలలో పద్మిని నడిపినవాళ్లెవరినైనా అడుగు. నార్కట్‌పల్లి దాటేసరికి ఫ్యూయల్ పంపులో పెట్రోల్ ఆవిరై బండి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడి గుడ్డ చుట్టి, పక్కన చెట్టు కింద కూర్చోవాలి. ఇది 1970లలో ముచ్చట. ఇప్పుడు పక్కనుంచి లారీలు 80లో పోతుంటే 1089 సీసీ ఇంజన్‌తో హైవే ఎక్కడం ముచ్చట కాదు, టెన్షన్.

ఇంకో మాట. పాత బండిని ఉన్నది ఉన్నట్టు ఉంచడమే హాబీ అని ఎవరు రాసిపెట్టారు? విప్పి, కొలిచి, వేరేది కూర్చి, అది నడిచేలా చేయడం కూడా హాబీయే. అద్దాల వెనక పెట్టి చూసుకోవాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్ ఉంది, టికెట్ కొనుక్కొని చూడొచ్చు.

ఓల్డ్‌స్టాక్_పాలమూరు

జిప్సీ అన్నా, ఏ మారుతి ఇంజన్ ఎక్కిస్తారో కూడా చెప్పండి. 800, జెన్ ఇంజన్లు అడ్డంగా కూర్చుంటాయి, ముందు చక్రాలను తిప్పుతాయి. పద్మినికి ఇంజన్ నిలువుగా ఉంటుంది, షాఫ్ట్ వెనక్కి పోతుంది. కాబట్టి మిగిలింది ఓమ్ని ఇంజన్, లేదా మీకిష్టమైన జిప్సీ ఇంజన్. ఓమ్నిది 796 సీసీ, దాని హార్స్ పవర్ 40 కూడా దాటదు. పద్మిని ఇంజన్ బాగుంటే దానికే అంత ఉంది. బోలెడు డబ్బు పోసి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు) కోసి, మౌంటింగులు వెల్డింగ్ చేసి, చివరికి ఉన్నంత బలమే తెచ్చుకోవడానికా?

జిప్సీ_దేవరకొండ

అందుకే జిప్సీ ఇంజన్ అంటున్నా. 1298 సీసీ, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే) మోడల్‌ది 80 హార్స్ పవర్. కార్బొరేటర్ గోల లేదు, చోక్ లాగే పని లేదు, స్పార్క్ ఇచ్చే పాయింట్లు గీకే పని లేదు.

ఓల్డ్‌స్టాక్_పాలమూరు

80 హార్స్ పవర్! ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే అన్నా. ఇంకొకటి, అంబాసిడర్‌లాగే పద్మినికి కూడా విడి చాసిస్ (కింద ఇనుప ఫ్రేము) ఉండదు. బాడీయే చాసిస్. ముందు భాగం కోసి అతికిస్తే ఆ అతుకే మొత్తం బరువు మోయాలి. ఏ వెల్డర్ మీద అంత నమ్మకం మీకు?

గడియారం_చౌరస్తా

ఇద్దరూ ఇట్లే కొట్లాడుకోండి. ఈలోపు బండికి ఇంకో వానాకాలం పోతుంది.

వకీలు_సూర్యాపేట

ఇంజన్ సంగతి నాకు తెలియదు, కాగితాల సంగతి చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ వచ్చింది. దాని ప్రకారం యజమాని ఇలా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అదే రకం ఇంజన్‌తో మార్చుకోవడం వేరు, దానికి దారి ఉంది. పని అయ్యాక 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. పద్మినిలో జిప్సీ ఇంజన్ పెట్టి అది ఎక్కించమంటే ఏమంటారో మీరే ఊహించుకోండి. పోలీసు ఆపకపోవచ్చు. కానీ యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఇంజన్ నంబరు, ఆర్‌సీ నంబరు పక్కపక్కన పెట్టుకుంటాడు. చెప్పకుండా చేసిన మార్పు ఉంటే క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది.

జిప్సీ_దేవరకొండ

వకీలు సార్, బండి స్వరూపమే మారిపోయే మార్పునే చట్టం మార్పు అంటుందని విన్నాను. ఇంజన్ లోపల ఉంటుంది, బయటికి పద్మిని పద్మినిలాగే ఉంటుంది కదా?

వకీలు_సూర్యాపేట

బండి మౌలిక లక్షణం మారితే అది మార్పు అని వివరణలో ఉంది. సీసీ మారి, పవర్ రెట్టింపై, బాడీ కోసిన బండి మౌలిక లక్షణం మారలేదని జడ్జి ముందు వాదించడానికి నేనైతే వకాలత్ తీసుకోను. రంగు మార్చుకోండి, ఆర్‌సీలో రాయించుకోండి, పర్లేదు.

ఇంకోటి. 2021లో వింటేజ్ బండ్లకు వేరే రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలున్న ప్లేటు ఇస్తారు, కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయల ఫీజు. షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. మన తమ్ముడి బండి 2037లో ఆ వయసుకు వస్తుంది. ఇప్పుడు కోస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఓల్డ్‌స్టాక్_పాలమూరు

2037 దాకా కూడా ఊరికే రాదు సార్. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు. అయిదేళ్లకోసారి కట్టాలి. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. హాబీ అంటే ఇదీ ఖర్చే.

టీచర్_జడ్చర్ల

మీరంతా ఏమనుకున్నా సరే, నా మాట చెబుతాను. నీలం పొగ వదిలే బండిని రోడ్డెక్కించడం అవసరమా? ఢిల్లీలో 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోల్ బండ్లను తీసేయమన్నారు. ఆ బండ్లే ఎన్ఓసీ తీసుకొని చౌకగా మన దగ్గరికి వస్తున్నాయి. వాటి పొగ మనం పీల్చాలా? బడి గేటు ముందు నిలబడితే తెలుస్తుంది.

ఓల్డ్‌స్టాక్_పాలమూరు

టీచర్ గారూ, నీలం పొగ వయసు వల్ల కాదు, ఆయిల్ కాలడం వల్ల. దాన్ని ఆపడానికే కదా ఇంజన్ కట్టించేది. ఆదివారం ఒక పూట తిరిగే పద్మిని కంటే మీ బడి గేటు ముందు ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టుకొని నిలబడే కార్లను ముందు అడగండి.

టీచర్_జడ్చర్ల

వాళ్లనూ అడుగుతాను. మీకు మినహాయింపు ఇవ్వను.

లేత్‌పని_మిర్యాలగూడ

తమ్మీ, వీళ్లు చట్టం దాకా పోయారు గానీ ఇంజన్ ఎందుకు పొగ వదులుతుందో ఎవరూ అడగలేదు. ఇంజన్ దించకముందే ఒక పని చెయ్. కంప్రెషన్ గేజు ఉన్న మెకానిక్ దగ్గర నాలుగు ప్లగ్గులూ విప్పించి రీడింగులు రాసుకో. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమను. రీడింగ్ పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు, హెడ్ పని చాలు. పొద్దున స్టార్ట్ చేసిన కొద్దిసేపే పొగ వచ్చి ఆగితే వాల్వ్ గైడ్లను అనుమానించాలి. నువ్వు తొక్కితే వస్తుందన్నావు కాబట్టి నాకు రింగుల మీదే అనుమానం.

బోరింగ్ అయితే ముందు బోరు కొలిపించు. ఇంతకుముందు ఎన్ని సైజులు పోయిందో పిస్టన్ నెత్తి మీదే కొట్టి ఉంటుంది. చివరి సైజు కూడా దాటి ఉంటే స్లీవులు (సిలిండర్ లోపల కొత్త గొట్టాలు) దించి మళ్లీ మొదటి సైజుకు తేవచ్చు, బ్లాక్ పారేయక్కర్లేదు. హెడ్ ఎలాగూ విప్పుతావు కాబట్టి వాల్వ్ సీటులు గట్టి రకం వేయించు. ఆ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లో పుట్టినవి. ఆ సీసమే సీటులను కాపాడేది. దేశమంతా అది 2000లోనే ఆగిపోయింది.

సామాను దొరకదనే మాట సగమే నిజం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక రోజు ఓపిగ్గా తిరిగితే రింగులు, గ్యాస్కెట్లు దొరుకుతాయి. దొరకనిది బాడీ సామాను. ముంబైలో పద్మినీ ట్యాక్సీలు కూడా 2023 అక్టోబరుతో పోయాయి, కాబట్టి తలుపు రబ్బర్లు, గ్రిల్లు, లైట్ రింగులు ఎక్కడ కనబడితే అక్కడ కొని పెట్టుకో. ఇంజన్ లోపల సామాను నేను లేత్ మీద కూడా చేసి ఇస్తా. బానెట్ మీద క్రోమ్ పట్టీ మాత్రం చేసివ్వలేను.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. అది పాత రబ్బరును తింటుంది, నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబడే బండికి ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు లేస్తుంది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం మార్పించు, కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది పెట్టించు. లేకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది.

ఓల్డ్‌స్టాక్_పాలమూరు

చిత్తనూరు ఇథనాల్ ఫ్యాక్టరీ మీద నారాయణపేట ఊళ్లు రోడ్డెక్కినప్పుడు పాడయ్యేవి నీళ్లు, పంటలు, గాలే అనుకున్నాం. కార్బొరేటర్ కూడా బాధితుల లిస్టులో ఉందని ఎవరికి తెలుసు.

డ్రైవర్_అచ్చంపేట

అందరికీ నమస్కారం. నేను కిరాయి అంబాసిడర్, తర్వాత పద్మిని, తర్వాత వేరే బండ్లు నడిపినవాడిని. మన్ననూరు నుంచి శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. ఇంజన్ గురించి ఇంత రాశారు, బ్రేకు గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు.

దోమలపెంట దాటి డ్యాం వైపు దిగుతుంటే డ్రమ్ బ్రేకు ఏం చేస్తుందో చెబుతా వినండి. మొదటి మలుపులకు బాగానే పట్టుకుంటుంది. తర్వాత లైనింగ్ కాలిన వాసన లోపలికే వస్తుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూ (లోపలి నుంచి డ్రమ్మును ఒత్తి పట్టే పట్టీ) నుంచి దూరం జరుగుతుంది, కాబట్టి పెడల్ ముందుకంటే లోతుకు పోతుంది. పాత బ్రేక్ ఆయిల్ నీళ్లు పీల్చి ఉంటే అది లోపల మరుగుతుంది. అప్పుడు పెడల్ కింద మెత్తగా, గాలి తొక్కినట్టు ఉంటుంది. అక్కడ కాపాడేది సెకండ్ గేరు ఒక్కటే. దిగడం మొదలుపెట్టకముందే సెకండ్‌లో వేసి, ఇంజన్‌తో పట్టి, బ్రేకును కొంచెం కొంచెం వాడాలి. మా ఓనర్లు న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందనేవారు. వాళ్లు వెనక సీట్లో కూర్చునేవారు కాదు లెండి.

పాత మోడళ్లలో బ్రేక్ లైను ఒకటే. ఒక్క వీల్ సిలిండర్ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. బండి నిలబడి ఉంటే ఆ సిలిండర్ల రబ్బర్లు ముందే పోయి ఉంటాయి. తమ్మీ, ఇంజన్ స్టార్ట్ అయిందని సంబరపడి రోడ్డెక్కకు. ముందు మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, లైనింగులు మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఎయిర్ తీయించు. నా లెక్కలో ఇది మొదటి ఖర్చు, ఇంజన్ రెండోది.

జిప్సీ_దేవరకొండ

అన్నా, అదే కదా నేనంటున్నది. జిప్సీ ముందు డిస్కులు కూడా పెట్టేస్తే బ్రేకు సమస్య తీరిపోతుంది.

డ్రైవర్_అచ్చంపేట

పెట్టొచ్చు తమ్మీ, చేసేవాడు తెలిసినవాడైతే. ముందు మాత్రమే గట్టి బ్రేకు పెట్టి వెనక ఉన్నది ఉంచితే వర్షంలో బండి ఎటు తిరుగుతుందో కూడా చూసుకోవాలి. 80 హార్స్ పవర్ కోసం డిస్కులు, డిస్కుల కోసం హబ్బులు, హబ్బుల కోసం చక్రాలు... చివరికి పద్మినిలో మిగిలేది డోర్ హ్యాండిలే.

రైతు_కల్వకుర్తి

హాబీ అనేవాళ్లకు ఒక మాట. మా ఊళ్లో పాత జీపులు, 800లు ముచ్చటకు ఉంచుకోలేదు. యూరియా బస్తాలు, బోరు మోటార్లు, ఆస్పత్రికి పోయే ముసలోళ్లు, అన్నీ వాటిలోనే. మాకు సెక్షన్ 52 కంటే సెల్ఫ్ మోటార్ ముఖ్యం. మేము ఏది దొరికితే అది బిగిస్తాం. తప్పంటే తప్పే, కానీ దీన్ని మోడిఫికేషన్ అని పెద్ద పేరు పెట్టకండి.

లేత్‌పని_మిర్యాలగూడ

రైతన్న మాట నిజం. నా షాపుకు వచ్చేవి ఎక్కువ అవే. కారు ఇంజన్ బోరింగుకు వచ్చేది ఇప్పుడు అరుదు. కొత్త బండ్ల ఇంజన్ పాడైతే మొత్తం మార్చేస్తున్నారు, కొలిచి కోసే పని నేర్చుకోవడానికి కుర్రాళ్లు రావడం లేదు. అందుకే పద్మినిని ఉన్న ఇంజన్‌తో కట్టించమంటున్నా. ఇందులో నా స్వార్థం ఉంది, దాచను.

జిప్సీ_దేవరకొండ

మీ స్వార్థానికి నేనేమీ అనను, ఆ పని నాకూ ఇష్టమే. కానీ రేపు బోరింగ్ షాపులే లేనప్పుడు ఈ బండ్లు బతకాలంటే దొరికే ఇంజన్ పెట్టడం తప్ప దారి లేదు. చట్టమే దానికి ఒక పద్ధతి పెట్టాలి. చూసి, పరీక్షించి, బాగుంటే ఆర్‌సీలో ఎక్కించండి, లేకపోతే తిప్పి పంపండి. ఇప్పుడున్నట్టు అసలు వద్దంటే జనం చెప్పకుండా చేస్తారు. చెప్పకుండా చేసిన వెల్డింగును ఎవరూ చూడరు. అదే ఎక్కువ ప్రమాదం.

వకీలు_సూర్యాపేట

ఈ ఒక్క మాటకు నేను ఒప్పుకుంటాను. చట్టం మారేదాకా మాత్రం నా సలహా మారదు.

పద్మిని_నల్గొండ

అందరికీ ధన్యవాదాలు. లేత్ అన్న చెప్పినట్టు ఆయిల్ పోసి చూపించాను. నాలుగింట్లో మూడింటికి రీడింగ్ బాగా పెరిగింది, ఒకదానికి కొంచెమే. అంటే రింగులు, ఒక వాల్వు. ఉన్న ఇంజనే కట్టిస్తున్నా. అంతకుముందు బ్రేకుల పని. మొన్న వెనక డ్రమ్ము విప్పితే ఎడమ వీల్ సిలిండర్ చుట్టూ బంకలాగా ఆయిల్ పేరుకొని ఉంది, లైనింగ్ తడిసిపోయింది. ఇట్లాంటి బండితో నేను ఊళ్లో ఒక చుట్టు కొట్టి వచ్చాను! డ్రైవర్ పెద్దన్నకు దండం.

ఏసీ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు. అన్నా, మిర్యాలగూడకు బ్లాక్ ఒక్కటి తెస్తే చాలా?

లేత్‌పని_మిర్యాలగూడ

బ్లాక్, హెడ్, క్రాంకు మూడూ తే. క్రాంకు జర్నల్స్ (బేరింగులు కూర్చునే చోట్లు) కూడా కొలుద్దాం. పాత పిస్టన్లు, బేరింగు షెల్స్ కబాడీకి వేయకుండా అవీ పట్టుకురా, సైజు వాటి మీదే చూస్తా. కొత్త పిస్టన్లు మాత్రం నేను కొలిచి చెప్పేదాకా కొనకు. మంగళవారం షాపు ఉండదు.