కుక్కకు పెట్టే ప్యాకెట్ ఫుడ్‌లో గుడ్డు, కూరగాయలు ఎంతవరకు కలపొచ్చు?

మాది హనుమకొండ. ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది, బరువు 32 కిలోలు. ఇన్నాళ్లూ ప్యాకెట్ ఫుడ్డే పెట్టాం. ఈమధ్య గిన్నె వాసన చూసి పక్కకు పోతోంది. నేను క్యారెట్ తరుగుతుంటే మాత్రం కాళ్ల దగ్గరే కూర్చుని, కింద పడ్డ ముక్కల్ని కరకరా నమిలేస్తుంది. డాక్టర్‌కు చూపిస్తే పళ్లు, కడుపు బాగానే ఉన్నాయన్నారు. అందుకే ఉడికించిన గుడ్డు, సొరకాయ, గుమ్మడికాయ, ఎముకల్లేని చికెన్ ఉప్పూకారం లేకుండా కలుపుదామనుకుంటున్నా.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషమని తెలుసు. మా అత్తమ్మేమో "పులుసన్నం పెడితే ఏమైతది" అంటుంది. ఆ పులుసులో సగం ఉల్లిగడ్డలే!

విడిగా పెట్టేవి రోజువారీ క్యాలరీల్లో 10 శాతం దాటొద్దంటారు కదా, ఆ లెక్క ఇంట్లో ఎట్లా వేసుకోవాలి? గుడ్డు పెట్టిన రోజు ప్యాకెట్ ఫుడ్ ఎంత తగ్గిస్తున్నారు? ఇంకోటి, ఇక్కడి మే నెల ఎండలకు కలిపిన గిన్నె ఎంతసేపు ఆగుతుంది? రోజూ ఇట్లా పెడుతున్నవాళ్లు కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్.