పని మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది, మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే శుభలేఖలు డిజైన్ చేసి ఇస్తుంటాను. నెల రోజులుగా నా డెస్క్‌టాప్ పని మధ్యలో బ్లూ స్క్రీన్ చూపించి రీస్టార్ట్ అవుతోంది. విండోస్ 10, ఐదేళ్ల కిందటి సిస్టమ్. 8 జీబీ ర్యామ్ ఉండేది, రెండు నెలల కిందట ఇంకో 8 వేయించాను. షాపతను రెండుసార్లు ఫార్మాట్ చేశాడు, మళ్లీ మొదటికే వచ్చింది. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నాడు. శ్రావణ ముహూర్తాలకు ఆర్డర్లు ఒప్పుకున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కర్నెల్ పవర్ 41’ అని కనిపిస్తోంది. అంటే పవర్ సప్లై పోయినట్టా?

జవాబు:
అలా అనుకోకండి. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని చెప్పడమే 41 పని. కరెంటు పోయినా, బ్లూ స్క్రీన్ వచ్చినా, మీరు బటన్ నొక్కిపట్టి ఆపినా అదే పడుతుంది. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఎలా ఆగుతోందో చూడండి. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) బలహీనమైతే సాధారణంగా ఏ మెసేజీ లేకుండా టక్కున ఆరిపోతుంది. మీకు బ్లూ స్క్రీన్ వస్తోంది కాబట్టి విండోస్ ఏదో రాసిపెట్టే ఉంటుంది. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఆ ఫైళ్లను ‘బ్లూస్క్రీన్‌వ్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి, ఏ కోడ్‌లు ఉన్నాయో ఇక్కడ పెట్టండి.

అడిగినవారు:
ఐదు ఫైళ్లున్నాయండీ. రెండింటిలో మెమరీ మేనేజ్‌మెంట్, ఒకదానిలో ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, మిగతా రెండింటిలో పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. పెద్ద ఫైల్ తెరిచినప్పుడు వస్తోంది, ఊరికే పాటలు వింటున్నా వస్తోంది.

జవాబు:
ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పేరు కనిపిస్తే ఆ డ్రైవర్ సంగతి చూడమనేవాణ్ని. ఇలా కోడ్‌లు మారిపోతుంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి. చిప్‌లో ఒక చోట పాడైతే, ఆ చోట ఏ ప్రోగ్రామ్ డేటా పడితే అది తప్పుతుంది. అందుకే ఫార్మాట్‌తో పోలేదు. పైగా మీరు కొత్త ర్యామ్ వేయించాకే మొదలైంది.

బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగ్‌లలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను మామూలుకన్నా వేగంగా నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే ఆపేయండి. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి, దాంతోనే బూట్ చేసి, నాలుగు పాస్‌లూ (పరీక్ష మొత్తం నాలుగుసార్లు) పూర్తవనివ్వండి. గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, ‘ఒక్కటే కదా’ అని వదిలేయకండి. ఎర్రర్ వస్తే ఒక్కో ర్యామ్‌నీ విడిగా, రెండు స్లాట్లలోనూ పరీక్షించాలి. ర్యామ్ తీసే ముందు ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి.

ఇంకొకరి జవాబు:
ఒక్క మాట చెల్లీ. ఈ స్థితిలో ఆర్డర్ల ఫైళ్లు బ్యాకప్ తీయొద్దు. ర్యామ్ తప్పుగా ఉన్నప్పుడు కాపీ అయ్యే ఫైల్ కూడా చెడిపోవచ్చు. మా పాప అన్నప్రాశన ఫొటోలు అలాగే కాపీ చేశాను, కొన్ని సగం వరకే తెరుచుకుంటున్నాయి. ఏ ర్యామ్ మంచిదో తేలాక, అదొక్కటే పెట్టి తీసుకో.

అడిగినవారు:
సరే అన్నయ్యా, ఆగాను. మూడు రాత్రులు పరీక్షించాను. రెండూ కలిపి పెడితే మొదటి పాస్‌లోనే ఎర్రర్లు. కొత్తది ఒక్కటే పెడితే రెండు స్లాట్లలోనూ ఎర్రర్లే. పాతది రెండింటిలోనూ నాలుగు పాస్‌లూ దాటింది.

జవాబు:
తేలిపోయిందండీ. లోపం స్లాట్‌దైతే పాత ర్యామ్‌కీ ఆ స్లాట్‌లో ఎర్రర్లు వచ్చేవి. ర్యామ్ వెంటే వచ్చింది కాబట్టి తప్పు కొత్త ర్యామ్‌దే. మదర్‌బోర్డుకు డబ్బు పెట్టకండి. ఎర్రర్ల స్క్రీన్‌ను ఫొటో తీసి, బిల్లుతో పాటు తీసుకెళ్లి వారంటీలో మార్పించుకోండి. ఈలోగా పాతదానితో నడుపుతూ, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ (sfc /scannow) కమాండ్ ఒకసారి నడపండి. ఇన్నాళ్లలో విండోస్ ఫైళ్లేమైనా చెడి ఉంటే సరిచేస్తుంది.

అడిగినవారు:
తొమ్మిది రోజులైంది, 8 జీబీతో నెమ్మదిగా ఉన్నా ఒక్కసారీ ఆగలేదు. ఆర్డర్ల ఫైళ్లన్నీ బ్యాకప్ తీశాను. మార్చిన ర్యామ్ ఇవాళే చేతికొచ్చింది. దీన్ని కూడా ఈ రాత్రి పరీక్షకు పెట్టాకే వాడతాను.