అరకు సేవాయాత్ర: వెళ్ళాలా, మానాలా?

విశాఖ_వాలంటీర్
అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో శని, ఆదివారాల్లో మా గ్రూపు అరకు వెళ్తోంది. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు డాక్టర్లు కలిపి ముప్ఫై మంది దాటుతాం. శనివారం చాపరాయి దగ్గర ప్లాస్టిక్ ఏరతాం, సాయంత్రం ఒక గిరిజన గ్రామంలో దుప్పట్లు, నోటు పుస్తకాలు పంచుతాం, రాత్రికి టెంట్లు, క్యాంప్‌ఫైర్. ఆదివారం పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం చూసుకుని వెనక్కి. గత ఏడాది కూడా వెళ్ళాం. ఆ పచ్చదనం, ఆ ప్రశాంతత ఇక్కడి హారన్ల మధ్య బతికేవాళ్ళకే తెలుస్తాయి. ఈసారి ఇంకా బాగా చేయడానికి సలహాలివ్వండి. కొందరు మిత్రులు అసలు ఇలాంటి యాత్రలే వద్దంటున్నారు. వాళ్ళు కూడా కారణం చెప్పాలి.

సొరంగాల_లెక్క
కిరండూల్ పాసింజరుకి వెళ్ళండి. విస్టాడోమ్ అద్దాల పెట్టె కావాలంటే ఇప్పుడే బుక్ చేయండి, డిసెంబరులో దొరకదు. ఎస్.కోట దాటాక ఎవరూ నిద్రపోకండి.

సుంకరమెట్ట_కాఫీ
గత ఏడాది కూడా వచ్చామన్నారు. ఒకటే ప్రశ్న. చాపరాయి దగ్గర ఏరిన మూటలు ఎక్కడికి పంపారు?

విశాఖ_వాలంటీర్
పంచాయతీకి అప్పగించాం మేడమ్. దాదాపు నలభై గోనె సంచులు. ఫొటోలు మా పేజీలో ఉన్నాయి.

సుంకరమెట్ట_కాఫీ
ఏ పంచాయతీకి? చాపరాయి ఉన్నది డుంబ్రిగుడ మండలంలో. అరకు పంచాయతీ ట్రాక్టర్ అక్కడికి ఎందుకు వస్తుంది? ఎవరి చేతికిచ్చారు? రసీదు అడగడం లేదు, మనిషెవరో చెప్పండి చాలు.

విశాఖ_వాలంటీర్
అక్కడ ఉన్నవాళ్ళు "పెట్టి వెళ్ళండి, మేం చూసుకుంటాం" అన్నారు. మేం రోజంతా వంగి ఏరాం, మీరు సంచుల దగ్గర పట్టుకున్నారు. కాస్త మంచి కూడా చూడండి.

మైక్రాన్_మావయ్య
ఆ ఫొటో నేనూ చూశాను. సంచుల సంగతి తర్వాత. అందరూ పట్టుకున్న ఆ బ్యానర్ మందం ఎన్ని మైక్రాన్లు? 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు కూడా అదే జాబితా.

విశాఖ_వాలంటీర్
అది గుడ్డ బ్యానర్ సార్.

మైక్రాన్_మావయ్య
గుడ్డ అలా మెరవదు బాబూ.

పగటికల
నీళ్ళ బాటిళ్ళు కూడా నిషేధమే కదా?

మైక్రాన్_మావయ్య
కాదు. ఆ జాబితాలో లేవు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏరేవాళ్ళకి ఎక్కువగా దొరికేవి బాటిళ్ళే, నిషేధంలో లేనివీ అవే. ఇక బ్యానర్ విషయానికొస్తే...

బొంగు_బండి
నేను అరకులోనే ఉంటాను. రోడ్డు పక్కన బొంగు చికెన్ బండి నాది. రండి బాబూ, అందరూ రండి. వద్దనేవాళ్ళ మాట వినకండి. మా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు మీ శని, ఆదివారాల మీదే నడుస్తాయి. 2020లో కరోనాకి రైలు ఆపేసి, బొర్రా గుహలు మూసేసినప్పుడు చాలా ప్రశాంతంగా ఉంది ఇక్కడ. బొగ్గులు రాజేసే పని కూడా లేకుండా పోయింది. ఆ ప్రశాంతత మళ్ళీ వద్దు.

ఫొటో_పిచ్చి
వచ్చినప్పుడు వలిసె పూల దగ్గర ఫొటోకి డబ్బులడుగుతున్నారు, దాని సంగతి కూడా చెప్పండి. పువ్వుల పక్కన నిలబడ్డానికి టికెట్టా? ఇది దోపిడీ కాదా?

బొంగు_బండి
మీ వరిచేలో నేనొచ్చి అటూ ఇటూ పొర్లి సెల్ఫీ దిగితే ఊరుకుంటారా? వలిసెలు నూనెగింజలు. తొక్కితే గింజ రాలిపోతుంది. ఆ రైతు అడిగేది మీ టీ ఖర్చంత.

ఏజెన్సీ_మాష్టారు
ఈ కొండల్లోనే బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషిని. పెద్దవాడిని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

వాలంటీర్ బాబూ, మీ మనసు మంచిదే, నాకు అనుమానం లేదు. కానీ తేదీ ఎవరిని అడిగి పెట్టుకున్నారు? నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ళ కోత. ఎర్రగా పండిన పండుని ఆ రోజు కోసి ఆ రోజే పల్పింగ్ చేసి తొక్క తీయాలి, మర్నాటికి ఉంచితే పులిసి రుచి మారుతుంది, ధర పడిపోతుంది. ఇంటిల్లిపాదీ తోటలో ఉండే రోజులవి. సరిగ్గా అప్పుడే ఊరికి వ్యాన్లు వస్తాయి. "పెద్దలు వస్తున్నారు, అందరూ ఉండండి" అని ముందు రోజు కబురు. పదింటికి వస్తామన్నవాళ్ళు దారిలో టిఫిన్లు, వ్యూపాయింట్లు ముగించుకుని రెండింటికి దిగుతారు. అప్పటిదాకా ముసలాళ్ళూ పిల్లలూ బడి వరండాలో బారులు తీరి కూర్చోవాలి. నేనే కూర్చోబెట్టాను, పైనుంచి మాట వస్తే ఏం చేస్తాం.

దుప్పటి సంగతి. పంచేవి సన్నటి యాక్రిలిక్ దుప్పట్లు. గెడ్డలో, అంటే వాగులో, ఒక్కసారి ఉతికితే బూరంతా ఊడి వస్తుంది. ఒకసారి వచ్చినవాళ్ళకి సరుకు చాలలేదు. ఒకే దుప్పటిని ఒక ముసలమ్మ చేతికిచ్చి ఫొటో తీసి, వెనక్కి తీసుకుని పక్కావిడకిచ్చి మళ్ళీ తీశారు. మొదటావిడ నాకేసి చూసింది, "మాష్టారూ, ఇది నాదా కాదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అరకు కాఫీకి పారిస్‌లో 2017లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వేలీ అరబికాకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ పంట పండించేవాళ్ళ కోత ఒక పూట ఆపించి రెండు నోటు పుస్తకాలు చేతిలో పెట్టడాన్ని మీరు సేవ అంటున్నారు.

విశాఖ_వాలంటీర్
మాస్టారూ, అది మా గ్రూపు కాదు. ఎవరో చేసినదానికి మమ్మల్ని బోనులో నిలబెడితే ఎలా?

సుంకరమెట్ట_కాఫీ
సంచులు మాత్రం మీ గ్రూపువే కదా. ఎక్కడున్నాయో నేను చెప్తాను. పార్కింగ్ వెనక పొదల్లో. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూశాను, ఒక్కొక్కటీ మీ స్టిక్కర్ అంటించి మరీ ఉంది. అప్పటికే కుక్కలు చింపేశాయి. బిరియానీ పార్సిల్ వెండి కాగితాలకి మెతుకులు అంటుకుని ఉంటే ఒక ఆవు కవరుతో సహా నములుతోంది. నేను లాగితే సగం చేతికొచ్చింది, సగం లోపలికి పోయింది. తొలకరికి మిగతాదంతా గెడ్డలో కలిసింది. మీరు రాకముందు ఆ చెత్త బండ మీద చెల్లాచెదురుగా ఉండేది. మీరొచ్చి దాన్ని ఒకచోట పోగేసి వెళ్ళారు, అంతే తేడా.

విశాఖ_వాలంటీర్
అయితే ఆ బిరియానీ కాగితాలు మేం తిన్నవా? టూరిస్టులు పడేసినవి. మేం ఏరినవి. తప్పు పడేసినవాడిదా, ఏరినవాడిదా? మీ ఊరి షాపులు ఆ కవర్లు అమ్మడం లేదా? మీ వాళ్ళు చెత్త వేయరా? మేం సొంత జేబులోంచి పెట్టుకుని, సెలవులు వదులుకుని వస్తున్నాం. వద్దంటే మానేస్తాం. అప్పుడు ఎవరొస్తారో చూద్దాం.

పేలాల_పొట్లం
పేలాలు వేయించుకుని కూర్చున్నాను. కానివ్వండి.

సుంకరమెట్ట_కాఫీ
"ఎవరొస్తారో చూద్దాం" అన్నారు చూడండి, దానికోసమే ఇంతసేపూ ఎదురుచూశాను.

నా మేనకోడలి సంగతి చెప్తాను. ఇంకో గ్రూపు, మీరు కాదు. పాప స్వెటర్ వేసుకుని ఉంది. ఫొటో కోసం అది విప్పించారు. కొన్ని నెలల తర్వాత ఆ ఫొటోతో చందాల పోస్టర్ నా ఫోన్‌కే ఫార్వర్డ్ అయి వచ్చింది, "చలికి వణికే అడవిబిడ్డ" అని. ఆ అడవిబిడ్డ తండ్రికి కాఫీ, మిరియాలు కలిపి మూడెకరాల తోట ఉంది. వదిన వాళ్ళకి ఫోన్ చేసి తీసేయమంటే, "మంచి పనికే కదమ్మా" అన్నారట.

మీరు చెత్త ఏరితే నాకేం అభ్యంతరం? మా ఊరికి ఏం కావాలో మీరు విశాఖలో కూర్చుని మీటింగ్‌లో తేల్చేసి, వ్యానెక్కి వచ్చి, ఫొటో తీసి వెళ్ళిపోతారే, అదీ నా బాధ. దుప్పట్లని ఎవరడిగారు? చాపరాయికి వారానికోసారి వచ్చే చెత్త బండి కావాలని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. ఆ అర్జీ పట్టుకుని మండలాఫీసుకి మాతో రండి. అక్కడ ఫొటో బాగా రాదనుకోండి.

సొరంగాల_లెక్క
సంచులు రైల్లో తిరిగి తెచ్చేస్తే సరిపోదా?

మైక్రాన్_మావయ్య
తడి చెత్తతో రైలెక్కనివ్వరు.

బొంగు_బండి
చెల్లీ, నువ్వు రాసిందంతా చదివాను. బాగానే రాశావు. కానీ నువ్వు ఉండేది విశాఖలో, జీతం వచ్చేది విశాఖలో. పండక్కి వచ్చి, ఆవుని చూసి బాధపడి వెళ్ళిపోతావు. మిగతా రోజులు ఇక్కడుండేది నేను. టూరిస్టు రాకపోతే నా బొంగు ఎవడు తింటాడు? తోట ఉన్నవాళ్ళ మాట వేరు.

సుంకరమెట్ట_కాఫీ
అన్నా, టూరిస్టులు వద్దని నేనెక్కడన్నాను? వాలంటీర్ గారిని ఒకటి అడుగుతాను, నీకే అర్థమవుతుంది. సార్, రాత్రి టెంట్లు ఎక్కడ వేస్తున్నారు?

విశాఖ_వాలంటీర్
ఒక రిసార్టు వాళ్ళ స్థలంలో. రోడ్డు నుంచి లోపలికి, గెడ్డ పక్కన. ఎందుకు?

సుంకరమెట్ట_కాఫీ
ఆ రిసార్టు భూమి ఎవరి పేరు మీదుందో అడిగారా? 1/70 భూ చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. పట్టా మా వాళ్ళ పేరు మీదే ఉంటుంది. పెట్టుబడి కింద మైదానం నుంచి వస్తుంది, లాభం కిందకే పోతుంది. పట్టా ఉన్నాయన అదే రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్. సేవ చేయడానికి వచ్చినవాళ్ళ అద్దె డబ్బు చేరేది ఆ బినామీ గల్లాలోకి.

బొంగు_బండి
చాలు. ఎవరి గురించి రాస్తున్నావో నాకు తెలీదనుకున్నావా? ఆ గేటు దగ్గర కూర్చునేది మా చిన్నాన్న. బినామీ అని పదిమందిలో రాశావు కదా, ఆయనకి నెల నెలా జీతం వస్తోంది, చిన్నమ్మ ఆపరేషన్‌కి డబ్బు వాళ్ళే సర్దారు. ఆ ఎకరంన్నరలో రాగులు వేసుకుంటే ఏం వచ్చేది? నువ్విస్తావా? మీ తోటకి రోడ్డుంది, మాకు లేదు. నీకు అరకు ఇలాగే పచ్చగా, బొమ్మలా ఉండాలి. సరిగ్గా ఈ వాలంటీర్లకి కావలసినట్టే.

సుంకరమెట్ట_కాఫీ
చిన్నాన్నని అనలేదన్నా. కాగితం మీద సంతకం పెట్టించుకున్నవాళ్ళని అన్నాను. జీతం ఇచ్చేవాడు రేపు మానేయమంటే ఆయన ఎక్కడికెళ్తాడు? సొంత భూమిలో నిలబడి "మానేయను" అనగలడా?

ఏజెన్సీ_మాష్టారు
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇక్కడి భూమి గొడవ చిన్నది కాదు. అనంతగిరి మండలం నిమ్మలపాడులో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1997లో తీర్పు వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం కూడా లీజు ఇవ్వకూడదని. మనం ఈ రోజు పచ్చగా ఉందని మురిసిపోతున్న కొండల్లో కొన్ని ఆ తీర్పు వల్లే మిగిలాయి. అయితే బండివాడు అడిగిందానికి ఆ తీర్పులో జవాబు లేదమ్మా. భూమి కాపాడుకున్నాం సరే, దాని మీద టెంటు వేసి నడిపే పెట్టుబడి వాడికి ఏ బ్యాంకు ఇస్తుంది? పట్టా తాకట్టు పెట్టుకుందామంటే బయటివాడికి అమ్మడానికి లేని భూమి, మేనేజరు ఫైలు పక్కన పెడతాడు. నా శిష్యులు ఎంతమంది తిరిగి తిరిగి ఊరుకున్నారో నాకు తెలుసు.

బొంగు_బండి
ఇప్పుడన్నారు మాష్టారూ.

సుంకరమెట్ట_కాఫీ
దానికి గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏని నిలదీయాలి. భూమిని కిందివాళ్ళకి రాసిస్తే తీరే సమస్య కాదు.

బొంగు_బండి
నిలదీయి. నేను ఈలోగా బండి పెట్టుకుంటాను.

విశాఖ_వాలంటీర్
క్షమించాలి, నేను అడిగింది యాత్ర గురించి. భూమి చట్టాలు మాకెందుకు? మేం రాజకీయాల్లోకి వెళ్ళం. టెంట్లకి అడ్వాన్స్ కట్టేశాం, దుప్పట్లు కొనేశాం, తేదీ మారదు. సంచులు మాత్రం ఈసారి మా వ్యాన్లోనే విశాఖకి తెచ్చి ఇక్కడి మున్సిపల్ కేంద్రంలో ఇస్తాం. ఇంతకంటే చేయలేం.

సుంకరమెట్ట_కాఫీ
సంచులకి సంతోషం. దుప్పట్లు ఏ ఊళ్ళో పంచుతున్నారు?

విశాఖ_వాలంటీర్
ఊరి పేరు రిసార్టు మేనేజరు చూసి చెప్తానన్నారు.

ఏజెన్సీ_మాష్టారు
సర్పంచ్ కాదు, రిసార్టు మేనేజరు.

మైక్రాన్_మావయ్య
బ్యానర్ గుడ్డదే తెస్తున్నారా?

బొంగు_బండి
వాలంటీర్ బాబూ, ముప్ఫై మంది అంటే బొంగులు ముందురోజే కోయించాలి, శుక్రవారం సాయంత్రంలోగా లెక్క చెప్పండి. నా దగ్గర అడ్డాకులోనే పెడతాను, కవర్లో పార్సిల్ కట్టను. ఎవరైనా వండుకోవడానికి కవర్లలో పచ్చిమాంసం తెచ్చుకుంటే నా బండి దగ్గర దింపకండి.