డినై, రెఫ్యూజ్, డిక్లైన్: మూడూ కాదనడమే కదా, తేడా ఎక్కడ?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)
అందరికీ నమస్కారం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ పని. మొన్న శుక్రవారం రాత్రి డేటాబేస్ వాళ్ళని ఒక మార్పు చెయ్యమని అడిగితే, ఇప్పుడు చెయ్యం, సోమవారం చూద్దాం అన్నారు. నేను క్లయింటుకి "డీబీ టీమ్ డినైడ్ ద చేంజ్" అని ఒక్క ముక్క రాసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి 11 మెయిళ్ళు! మార్పు ఎవరో చేసేశారని, మా వాళ్ళు మాత్రం మేం చెయ్యలేదని బుకాయిస్తున్నారని వాళ్ళు అనుకున్నారు. శనివారం పొద్దున్నే అందరూ కాల్‌లో కూర్చోవాల్సి వచ్చింది. లీడ్ ఏమీ అనలేదు గానీ నాకే చాలా బాధేసింది. డినై అన్నా, రెఫ్యూజ్ అన్నా కాదనడమే కదా?

జవాబు 1 (ఇంగ్లీషు టీచర్, జయనగర్)
బాధపడకండి, చిక్కంతా మన "కాదన్నాడు"లో ఉంది. ఈ సంతకం నీదేనా అంటే కాదన్నాడు, అది డినై. సంతకం పెట్టమంటే కాదన్నాడు, అది రెఫ్యూజ్. మనకి రెండు చోట్లా ఒకటే మాట సరిపోతుంది, ఇంగ్లీషులో సరిపోదు. ఒక విషయం నిజం కాదని చెప్పడం డినై, అడిగిన పని చెయ్యననడం రెఫ్యూజ్. రెఫ్యూజ్ తర్వాత "టు" వస్తుంది: "దే రెఫ్యూజ్డ్ టు మేక్ ద చేంజ్". "డినైడ్ టు" అని మన ఆఫీసుల్లో రోజూ వింటాం, అది తప్పు. "హీ డినైడ్ టేకింగ్ ద మనీ" అనాలి, అంటే డబ్బు తీసుకోలేదన్నాడని.

అయితే డినైకి ఇంకో అర్థం ఉంది: అడిగినది ఇవ్వకపోవడం. లీవ్ డినై చేశారు, యాక్సెస్ డినైడ్, ఇవి సరైనవే. మీరు "చేంజ్" పక్కన "రిక్వెస్ట్" అని ఒక్క మాట చేర్చి ఉంటే ఆ 11 మెయిళ్ళు వచ్చేవి కావు. మన పేపర్లు కూడా ఆరోపణలను ఖండించారు అంటాయి, దాడిని ఖండించారు అంటాయి. మొదటిది డినై, రెండోది కండెమ్. అందుకే తెలుగు వార్త చూసి ఇంగ్లీషులో రాసేవాళ్ళు అక్కడ జాగ్రత్తగా ఉండాలి.

జవాబు 2 (హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను)
డిక్లైన్ గురించి నేను చెప్తాను, రోజూ చూసే మాట. లాటిన్‌లో దీని మూలానికి పక్కకి వంగడం అని అర్థం, ఆ మెత్తదనం ఇప్పటికీ ఉంది. ఆఫర్ వద్దనుకున్నవాళ్ళు "ఐ రెఫ్యూజ్ యువర్ ఆఫర్" అని రాస్తే మొహం మీద తలుపేసినట్టు ఉంటుంది, డిక్లైన్ అంటే మర్యాదగా తప్పుకున్నట్టు. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ రెండో దోసె వెయ్యబోతుంటే, నాకు వచ్చిన కాస్త కన్నడలో "బేడ", అంటే వద్దు అన్నాను. ఆవిడ చెయ్యి ప్లేటు మీదే ఆగిపోయింది, మొహం చిన్నబోయింది. తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది, అలాంటప్పుడు "సాకు", అంటే చాలు అనాలి అక్కా అని. మనం మాత్రం పెట్టినవాళ్ళని వద్దంటామా, చాలండీ అంటాం. ఆ "చాలండీ"యే డిక్లైన్. కార్డ్ డిక్లైన్ అయిందని మెషీన్ చూపించినప్పుడు మాత్రం ఇందులో మర్యాద ఏమీ వెతకక్కర్లేదు.

జవాబు 3
ఒక చిన్న సంగతి. "ఆయన దగ్గర్నుంచి రెఫ్యూజ్ వచ్చింది" అని రాయకండి, రెఫ్యూజల్ అనాలి. అదే స్పెల్లింగుతో ఉన్న నామవాచకానికి చెత్త అని అర్థం, పలికేది కూడా వేరు, మొదటి అక్షరం నొక్కి చివర "స్" అంటారు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ చాలా థాంక్స్. సంతకం ఉదాహరణ ఇక మర్చిపోను. "ద డీబీ టీమ్ రెఫ్యూజ్డ్ టు మేక్ ద చేంజ్ ఆన్ ఫ్రైడే" అని ఇప్పుడే క్లయింటుకి వివరంగా రాయబోతున్నాను, సరేనా?

జవాబు 1
వ్యాకరణం సరే, కానీ క్లయింటుకి పంపకండి. రెఫ్యూజ్డ్ అంటే మీ వాళ్ళు మొండికేసినట్టు వినిపిస్తుంది. వాళ్ళు సోమవారం చూద్దామన్నారు కదా, అదే రాయండి: "ద డీబీ టీమ్ విల్ టేక్ ఇట్ అప్ ఆన్ మండే".