అప్‌డేట్: ఉష్ణోగ్రత సెన్సర్ డ్రైవర్ డాక్యుమెంటేషన్‌లో ప్రమాణం సవరణ

లైనక్స్ కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోని) ఒక సెన్సర్ డ్రైవర్, అంటే సెన్సర్‌ను నడిపే కోడ్, ఉష్ణోగ్రతను డిగ్రీలలో ఇస్తుందని డాక్యుమెంటేషన్ చెబుతుండగా, ఫైల్‌లో 45000 వంటి సంఖ్య కనిపిస్తోందని, తప్పు కోడ్‌లో ఉందా, పత్రంలో ఉందా అని ఇంతకుముందు అడిగాను. తప్పు పత్రంలోనే ఉంది. కెర్నెల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల) లెక్కలను సాధారణంగా వాడరు కాబట్టి, హార్డ్‌వేర్ మానిటరింగ్ డ్రైవర్లు ఉష్ణోగ్రతను మిల్లీడిగ్రీ సెల్సియస్‌లలో (డిగ్రీలో వెయ్యో వంతులలో) పూర్ణాంకంగా ఇవ్వాలన్నది కెర్నెల్‌లోని ఆ విభాగపు నియమం. అంటే 45000 అన్నది 45 డిగ్రీలే. పత్రంలో ‘డిగ్రీ’ని ‘మిల్లీడిగ్రీ’గా మార్చడం ఒక్క పదం మార్పే అయినా, ఫ్యాన్ నియంత్రణ స్క్రిప్టులు రాసేవారు ఆ పత్రాన్నే నమ్ముతారు కనుక ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం. తప్పు మొదట చేరిన కమిట్‌ను (నమోదైన పాత మార్పును) సూచించే ఫిక్సెస్ ట్యాగ్‌తో నేను పంపిన ప్యాచ్‌ను (సవరణను) ఆ విభాగాన్ని చూసుకునే మెయింటెయినర్ స్వీకరించారు. అదే పత్రంలో సెన్సర్ ఐ2సి చిరునామా (చిప్‌లను కలిపే ఐ2సి బస్‌పై దాన్ని గుర్తించే సంఖ్య) 8 బిట్ల రూపంలో ఉంది. కెర్నెల్ 7 బిట్ల రూపాన్ని వాడుతుంది కాబట్టి, ఆ సవరణను విడి ప్యాచ్‌గా పంపుతున్నాను.