వీఎం లోపల మెమ్‌టెస్ట్ పాస్ అయితే ర్యామ్ బాగున్నట్టేనా?

పాత_ర్యామ్: ప్రాక్స్‌మాక్స్ బాక్సు (ఒకే మెషీన్‌లో చాలా వీఎంలు, అంటే వర్చువల్ కంప్యూటర్లు, నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్నది), 32 జీబీ ర్యామ్. రాత్రిళ్ళు ఏదో ఒక వీఎం పడిపోతోంది. షాపు బిల్లింగ్ దీని మీదే నడుస్తుంది కాబట్టి మొత్తం ఆపలేక, 8 జీబీతో ఒక వీఎం పెట్టి అందులో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపా. రెండు పాస్‌లు, ఒక్క ఎర్రర్ లేదు. వీఎంలోనే స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చదివే కమాండ్) కూడా డిస్కు పాస్ అంది. ఇంక హార్డ్‌వేర్‌ని అనుమానించక్కర్లేదా?

రూట్_బాబాయ్: ర్యామ్ అన్నం కాదు తమ్ముడూ, ఒక్క మెతుకు పట్టి చూడ్డానికి. నువ్వు చూసింది 8, మిగతా 24 సంగతేంటి? పైగా గెస్ట్‌కి, అంటే వీఎంకి, కనపడే అడ్రస్ అసలు అడ్రస్సే కాదు, ఏ పేజీ అసలు ర్యామ్‌లో ఎక్కడుందో వీఎంలని నడిపే హైపర్‌వైజర్‌కి తెలుసు, లోపలున్న మెమ్‌టెస్ట్‌కి తెలీదు. ఇక డిస్కు. మోడల్ పేరు క్యూఎము (వీఎంకి ఉత్తుత్తి డిస్కు చూపించే సాఫ్ట్‌వేర్) హార్డ్‌డిస్క్ అని ఉందా? టెంపరేచర్ 31?

పాత_ర్యామ్: 31 ఏ బాబాయ్ 😅

రూట్_బాబాయ్: మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో 31 ఏంటయ్యా! అది క్యూఎము కోడ్‌లో రాసిపెట్టిన అంకె, ఎవరికైనా అదే వస్తుంది. వీఎంలో హార్డ్‌వేర్ టెస్టులు శుద్ధ దండగ.

పాస్‌త్రూ_వీరుడు: దండగ అంటే ఒప్పుకోను బాబాయ్. నా నాస్ (ఫైళ్ళు దాచుకునే) వీఎంకి డిస్కులు తగిలించే ఎల్‌ఎస్‌ఐ హెచ్‌బీఏ కార్డు మొత్తం పాస్‌త్రూ ఇచ్చా, అంటే నేరుగా అప్పగించా, లోపల స్మార్ట్ కొడితే అసలు సీరియల్ నంబర్లు, అసలు రీఎలొకేటెడ్ (పాడైతే బదులు వేరేవి పెట్టిన) సెక్టార్లు అన్నీ వస్తాయి (కార్డు కాకుండా ఉత్త డిస్కు ఇస్తే రావు, నేనూ మొదట అక్కడే బోల్తా పడ్డా). సీపీయూకి బాగా పని పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ వీఎంలో నడిపినా వేడెక్కేది నిజం సీపీయూనే, వేడి మాత్రం హోస్ట్‌లో, అంటే అసలు మెషీన్‌లో, చూసుకోవాలి. మెమ్‌టెస్ట్ కూడా అంతే, లోపల ఎర్రర్ వచ్చిందంటే ఊరికే రాదు, పట్టించుకోవాల్సిందే. పాస్ అయితేనే నమ్మకూడదు.

రూట్_బాబాయ్: కార్డు మొత్తం అప్పగించాక ఆ ముక్క వరకు అది అసలు మెషీనే కదా, ఇంక వీఎం టెస్ట్ ఎలా అయింది? నా మాటే నువ్వు తిప్పి చెప్తున్నావ్.

పాస్‌త్రూ_వీరుడు: కమాండ్ కొట్టింది గెస్ట్‌లోనేగా 🙂 తమ్ముడూ, షాపు ఆపలేకపోతే హోస్ట్ మీదే మెమ్‌టెస్టర్ (మెషీన్ ఆపకుండా ర్యామ్ చూసే ప్రోగ్రాం) నడుపు, ఖాళీగా ఉన్న ర్యామ్ వరకన్నా చూస్తుంది.

పాత_ర్యామ్: ఆదివారం సెలవు కదా, హోస్ట్ ఆపి యూఎస్‌బీతో మెమ్‌టెస్ట్ బూట్ చేసి రాత్రంతా వదిలేశా. మూడో పాస్‌లో 19 జీబీ దగ్గర ఎర్రర్లు. ఒక్కో స్టిక్కు పీకి చూస్తున్నా. డిస్కు బానే ఉంది, కాకపోతే హోస్ట్‌లో చూస్తే 47 డిగ్రీలు.