లైపోసోమల్ కీమో: కొవ్వు పొరలో పెట్టినా ఈ మంట ఎందుకు?

వేకువ:
అమ్మకి అండాశయ క్యాన్సర్. ఈసారి లైపోసోమల్ డాక్సోరుబిసిన్ పెడుతున్నారు. రెండో విడత ఎక్కించి పది రోజులైంది. జుట్టు పెద్దగా ఊడలేదు గానీ అరచేతులు ఎర్రగా కందిపోయాయి. గ్లాసు పట్టుకున్నా మంటే అంటోంది. కొవ్వు పొరలో పెట్టిన మందుకి సైడ్ ఎఫెక్ట్స్ తక్కువని విన్నాను. మరి ఇదేంటి? వాడినవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వార్డు డ్యూటీ:
వేకువ గారూ, ముందు ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, తర్వాతి విడత దాకా ఆగకండి. దీన్ని హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు. బొబ్బలు రాకముందే చెబితే డోసు తగ్గించడమో, వాయిదా వేయడమో చేస్తారు. వేడి నీళ్లు, బట్టలు పిండటం, బిగుతు చెప్పులు వద్దు. క్యాన్సర్ వార్డులో నర్సుగా చాలామందిని చూశాను. ఒకామెకి వాచీ పట్టీ ఒత్తుకున్న మేరకే చర్మం లేచిపోయింది, చుట్టూ బాగానే ఉంది. ఒత్తిడి, రాపిడి ఎక్కడుంటే అక్కడే వస్తుంది.

ల్యాబ్ రాత్రులు:
ఆ వాచీ పట్టీలోనే జవాబుంది. మందుని లోపల పెట్టిన కొవ్వు బుడగలే లైపోసోమ్‌లు. ఈ బుడగలు దాదాపు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. పైన పెగ్ అనే పూత ఉండటంతో కాలేయం, ప్లీహం వీటిని వెంటనే పట్టేయలేవు. అందుకే రోజుల తరబడి రక్తంలోనే తిరుగుతాయి. గుండెలోని రక్తనాళాల గోడల్లో వీటికి సందు దొరకదు, కాబట్టి మామూలు డాక్సోరుబిసిన్‌తో పోలిస్తే గుండెకి ముప్పు తక్కువ. కణితిలోని నాళాలకి సందులు ఎక్కువ, అక్కడ బయటికి జారతాయి. ఒత్తిడి పడే చర్మంలోకీ కొంత చేరుతుంది. పొర వల్ల మందు విషగుణం పోలేదు, అది చేరే చోటు మారింది. 1995లో అమెరికాలో అనుమతి వచ్చినప్పటి నుంచీ ఈ మందు కథ ఇదే.

తయారీలో ఒక సంగతి నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. ముందు ఖాళీ బుడగలు చేసి, లోపల అమ్మోనియం సల్ఫేట్ ఉంచుతారు. తర్వాత బయట మందు కలిపితే అదే పొర దాటి లోపలికెళ్లి స్ఫటికంగా మారి అక్కడే ఉండిపోతుంది. ఆ ఖాళీ బుడగలు చేసేటప్పుడు, పాలలా ఉన్న లిపిడ్ (కొవ్వు) ద్రావణాన్ని సన్న రంధ్రాల పొర గుండా పదిసార్లు నెట్టేసరికి తేటపడి నీలంగా మెరుస్తుంది. ఒకసారి వేడి చాలకుండానే నెట్టాను. లిపిడ్ గట్టిగానే ఉండి పొర మూసుకుపోయింది, రోజంతా చేసిన పని వృథా అయింది.

తులసికోట:
మా నాన్నగారికి ఫంగస్ ఇన్‌ఫెక్షన్. మొదట మామూలు యాంఫోటెరిసిన్ ఎక్కిస్తే మంచం ఊగేంత చలి వచ్చింది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగింది. లైపోసోమల్‌కి మార్చాక చలి పోయింది. కానీ పొటాషియం పడిపోతూనే ఉండేది, రోజూ రక్తపరీక్ష చేసేవారు. పూర్తిగా సురక్షితం అనుకోవద్దు.

వార్డు డ్యూటీ:
నిజం. ఆ లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ని సెలైన్‌లో కలపకూడదు, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. కొత్తగా చేరినప్పుడు ఒకరు సెలైన్‌లో కలిపితే మందు విరిగినట్టయింది. మొత్తం పారేశాం. ఇంకోటి, డాక్సోరుబిసిన్‌లో మామూలుది, లైపోసోమల్‌ది ఒకదాని బదులు ఒకటి వాడే మందులు కావు. డోసులు వేరు. వేకువ గారూ, సీసా మీద పేరు మీరూ ఒకసారి చూసుకోండి, నర్సులు ఏమీ అనుకోరు.

తులసికోట:
కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో ఉన్నదీ ఇదేనా?

ల్యాబ్ రాత్రులు:
దగ్గర చుట్టమే గానీ ఒకటి కాదు. లైపోసోమ్ మధ్యలో నీళ్లుంటాయి. టీకాలోని సూక్ష్మ రేణువులో ఎంఆర్‌ఎన్‌ఏని లిపిడ్‌లే చుట్టుముట్టి ఉంటాయి. వాటిలో ఒక లిపిడ్ రక్తంలో దాదాపు తటస్థంగా ఉండి, మన శరీర కణం లోపలి ఆమ్ల సంచిలోకి వెళ్లగానే ధనావేశం పొందుతుంది. అలా సంచి గోడని చీల్చుకుని సరుకుని బయటికి వదులుతుంది. ఈ పద్ధతిలో మొదట అనుమతి పొందింది 2018లో వచ్చిన పాటిసిరాన్, అది నరాల జబ్బు మందు.

వేకువ:
డాక్టర్‌తో మాట్లాడాను. మూడో విడత రెండు వారాలు వాయిదా వేశారు, గుండెకి ఎకో కూడా రాశారు. అమ్మ ఇప్పుడు తడి గుడ్డ చుట్టిన గ్లాసుతో తాగుతోంది. మంట కాస్త తగ్గిందంటోంది.